ఒంటరిగా సియోల్ వెళ్లి దవడ ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటున్నా, వెళ్లొచ్చిన వాళ్లుంటే చెప్పండి

తెనాలి పిల్ల | ఫిబ్రవరి 11, 2024

అందరికీ నమస్తే. ఏడాదిన్నరగా ఇక్కడ పోస్టులు చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

నాకు 29. సొంతూరు తెనాలి, ఉద్యోగం హైదరాబాద్‌లో. నా కింది దవడ పై దవడ కంటే ముందుకు ఉంటుంది. నోరు మూస్తే కింది పళ్లు పై పళ్లను దాటి బయటికొస్తాయి. దోసె ముక్కను ముందు పళ్లతో కొరకడం ఎలా ఉంటుందో నాకు తెలియదు, నోటి పక్కకు పెట్టుకుని చింపుకోవాల్సిందే. జామకాయకైతే చాకు కావాలి. ఈ మధ్య ఎడమ చెవి ముందు కీలు టక్కుమంటోంది, పొద్దున లేస్తూనే నొప్పి.

పదో తరగతిలో క్లిప్పులు వేయించారు. ఆ డాక్టరు గారు అప్పుడే చెప్పారు, ఇది పళ్ల సమస్య కాదు, ఎముకది, ఎదుగుదల ఆగాక ఆపరేషన్ చేస్తేనే సరవుతుందని. ఇంట్లో "ఆడపిల్ల మొహం మీద కత్తి పెట్టిస్తామా" అన్నారు. అక్కడితో ఆగింది.

ఇప్పుడు నా డబ్బు నా దగ్గరుంది. సియోల్‌లో రెండు చోట్లకు స్కాన్లు పంపాను. ఇద్దరూ రెండు దవడలూ సరిచేయాలన్నారు. ఒకరు ముందు ఆపరేషన్ చేసి తర్వాత క్లిప్పులు వేస్తామన్నారు. టికెట్లు, గది, అన్నీ కలిపితే పన్నెండు లక్షలు దాటేలా ఉంది.

ఒక్కదాన్నే వెళ్లడం కుదిరే పనేనా? ఎన్నాళ్లు ఉండాలి? కొరియన్ ఒక్క ముక్క రాదు. ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో టూర్ అని చెప్పి నెల సెలవు పెడదామనుకుంటున్నా. దయచేసి "నువ్వు బాగానే ఉన్నావమ్మా, ఎందుకివన్నీ" అని మాత్రం అనకండి. అది పదిహేనేళ్లుగా వింటున్నాను.

డాలస్ బాబాయి | ఫిబ్రవరి 11

వద్దన్నది అననులే అమ్మాయ్. మా అబ్బాయికి ఇదే ఆపరేషన్ ఇక్కడే రెండేళ్ల కిందట అయింది, వాడికప్పుడు 19. ఇన్సూరెన్స్ వాళ్లు ఇది అందం కోసం చేయించుకునేదని మొదట తోసేశారు. నమలలేకపోవడం, నిద్రలో ఊపిరి ఆగిపోవడం, ఎముకల కొలతలు అన్నీ సర్జన్ కాగితం మీద పెట్టి అప్పీలు చేస్తే అప్పుడు ఒప్పుకున్నారు. అదంతా వేరే పురాణం.

వాడికి తల్లీ తండ్రీ ఇద్దరం పక్కనున్నాం. అయినా మొదటి వారం ఇంటిల్లిపాదీ ఏడ్చాం. రాత్రి పూట అలారం పెట్టుకుని లేచి సిరంజితో మందు పోసేవాళ్లం. వాడు మాట్లాడలేడు, బోర్డు మీద రాసేవాడు. మూడో రోజు వాడి మొహం చూసి మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. అంత వాపు.

సియోలే ఎందుకు? హైదరాబాద్‌లో, చెన్నైలో చెయ్యరా?

పల్నాటి పిల్లోడు | ఫిబ్రవరి 11

కె-డ్రామాల ఎఫెక్ట్ బాబాయ్. హీరో కూడా ప్యాకేజీలో వస్తాడేమో కనుక్కో అక్కా.

వంటింటి వసంత | ఫిబ్రవరి 12

పిల్లోడా, అన్నం ముద్ద నమలలేక నీళ్లు తాగి మింగిన రోజు నీకు ఒక్కటైనా ఉందా? లేకపోతే వేరే చోట ఆడుకో.

పల్నాటి పిల్లోడు | ఫిబ్రవరి 12

సారీ అక్కా. సరదాకి అన్నా.

ఎండీఎస్ కర్నూలు | ఫిబ్రవరి 12

నేను ఈ ఆపరేషన్లు చేసే సర్జన్‌నే. రెండు కేసుల మధ్య దొరికిన టైమ్‌లో రాస్తున్నా. మీ ఎక్స్‌రేలు చూడకుండా మీ గురించి ఏమీ చెప్పను, ఆపరేషన్ గురించి చెబుతాను.

పై దవడను ముక్కు కిందుగా అడ్డంగా కోసి కదుపుతారు. దీన్ని లెఫోర్ట్ వన్ అంటాం. 1901లో రెనే లెఫోర్ట్ అనే ఫ్రెంచి డాక్టరు శవాల తలలకు దెబ్బలు కొట్టి మొహం ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో చూసి రాశాడు. వాటిలో అన్నిటికన్నా కిందున్న గీత వెంట మేం ఇవాళ కావాలని కోస్తున్నాం. కింది దవడను రెండు పక్కలా పొరల్లా చీల్చి, పళ్లున్న ముక్కను వెనక్కో ముందుకో జరుపుతారు. ఈ పద్ధతిని 1957లో లోకానికి చెప్పినవాళ్లలో ఒకరు హ్యూగో ఒబ్వెగెసర్, జ్యూరిక్‌లో పనిచేసిన సర్జన్. ఒకే సిట్టింగ్‌లో రెండు దవడలూ కదిపిన సంగతి 1970లో రాసింది కూడా ఆయనే. ఇదంతా ఎందుకంటే, దీన్ని కొరియా వాళ్లు కనిపెట్టారనే నమ్మకం మన వాళ్లలో బాగా ఉంది. కాదు. కాకపోతే కింది దవడ ముందుకుండే వాళ్లు తూర్పు ఆసియాలో ఎక్కువ, అందుకని వాళ్ల చేతికి ఈ కేసులు బాగా అలవాటు. అది నిజం.

కోతలు నోటి లోపలి నుంచే పెడతారు. ఎముక ముక్కల్ని టైటానియం ప్లేట్లు, చిన్న స్క్రూలతో బిగిస్తారు. ఇప్పుడు చాలా చోట్ల నోరు తీగలతో కట్టేయరు, రబ్బరు బ్యాండ్లతో ఆపుతారు.

మీరు అడగాల్సినవి చెబుతా. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం సరిగ్గా మేం చీల్చే ఎముక లోపలి నుంచే పోతుంది. ఆపరేషన్ తర్వాత మొద్దుబారడం మామూలే. చాలామందికి నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి కొంత చోటు అలాగే ఉండిపోతుంది. "అలాంటిదేం ఉండదు మేడం" అనే వాళ్ల ఎదుటి నుంచి లేచి వచ్చేయండి. రెండోది, కింది దవడను మరీ వెనక్కి నెడితే నాలుక వెనక గాలి దారి ఇరుకవుతుంది, గురక మొదలవ్వచ్చు. పైదాన్ని ఎంత ముందుకు తెస్తున్నారు, కిందిదాన్ని ఎంత వెనక్కి పంపుతున్నారు అని మిల్లీమీటర్లలో అడగండి. మూడోది, ముందు ఆపరేషన్, తర్వాత క్లిప్పులు అనే పద్ధతి ఇక్కడా చేస్తున్నారు. అందులో సర్జనూ క్లిప్పుల డాక్టరూ ఒకే జట్టుగా ఉండాలి. సియోల్‌లో కోసి, హైదరాబాద్‌లో ఏడాది పాటు క్లిప్పులు బిగించుకుంటానంటే, రేపు పళ్లు కలవనప్పుడు ఎవరిని అడుగుతారు?

జ్ఞానదంతాలు ఉన్నాయా? కింది దవడ చీల్చాలంటే వాటిని ఆరు నెలల ముందే తీయించమంటాం మాలో చాలామంది.

తెనాలి పిల్ల | ఫిబ్రవరి 13

డాక్టరు గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. జ్ఞానదంతాలు కాలేజీలోనే తీయించేశాను.

బాబాయి గారు అడిగిన దానికి నిజం చెప్పేస్తా. హైదరాబాద్‌లోనూ ఇద్దరికి చూపించుకున్నా. నాలుగు లక్షల్లో అయిపోతుందన్నారు. డాక్టర్లూ మంచివాళ్లే. కానీ ఇక్కడ చేయించుకుంటే రెండో రోజుకి పిన్ని, మూడో రోజుకి మేనత్తలు, వాళ్ల తోడికోడళ్లు పళ్లు పట్టుకుని వస్తారు. పళ్లేమో నేను తినలేను. వచ్చి మొహంలోకి చూసి "అయ్యో, ఇంతకు ముందే బాగుండేదానివి కదే" అంటారు. రెండు సంబంధాలు దవడ చూసి వెనక్కి పోయాయి, ఆ సంగతి బజారంతా తెలుసు. ఇప్పుడు ఆపరేషన్ అంటే పెళ్లి కోసం కోయించుకుంది అంటారు. వాపు దిగేదాకా నన్ను ఎవరూ చూడని చోట ఉండాలని ఉంది, అంతే.

వంటింటి వసంత | ఫిబ్రవరి 13

ఇప్పుడు అర్థమైంది. నువ్వు డాక్టరు కోసం కాదు, చుట్టాల నుంచి పారిపోవడానికి వెళ్తున్నావు. తప్పని అనడం లేదు. కానీ పన్నెండు లక్షల్లో ఎనిమిది మేనత్తల ఖాతాలో వేసుకో.

రెండు దవడలు | ఫిబ్రవరి 14

ఈ పేరు పెట్టుకున్నది ఆ ఆపరేషన్ వల్లే. నేను 2022 అక్టోబర్‌లో బెంగళూరు నుంచి సియోల్‌కు ఒక్కడినే వెళ్లి చేయించుకున్నా. అప్పుడు నాకు 33. ఎక్కడ అన్నది చెప్పను, బాగా చేశారు కూడా. నా పళ్లు ఇప్పుడు కలుస్తాయి, చెరుకు ముక్క కొరుకుతున్నా. అయినా ఒంటరిగా వెళ్లడం గురించి చెప్పాలి.

ఆపరేషన్ సులువు. నిద్రపోతావు, లేస్తావు. లేచేసరికి ముక్కులోంచి గొట్టం పోయి ఉంటుంది గనక గొంతు గరగరలాడుతుంది, ముక్కు మూసుకుపోతుంది, నోరు బ్యాండ్లతో కట్టి ఉంటుంది. ఊపిరాడదేమో అన్న భయం మొదటి రాత్రంతా ఉంటుంది. ఆడుతుంది, కానీ భయం పోదు. తల కింద రెండు మూడు దిళ్లు పెట్టుకుని సగం కూర్చునే నిద్ర. మింగిన రక్తం కడుపులో తిప్పి వాంతికొస్తుంది. నర్సు వెంటనే వచ్చి పీల్చేసింది. ఆసుపత్రిలో ఉన్న మూడు రాత్రులూ నాకు ఏ లోటూ లేదు.

అసలు కథ డిశ్చార్జి అయ్యాక. గెస్ట్‌హౌస్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. బుక్ చేసేటప్పుడు మెట్ల గురించి నాకు ఆలోచనే రాలేదు. రెండు రోజులుగా తిండి లేని మనిషి సూట్‌కేసు మోసుకుని మూడు అంతస్తులు ఎక్కడం ఊహించుకోండి. ముక్కు చీదకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు అని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం చేత్తో పట్టుకునే బరువెత్తాను.

ఆరో రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. దిండు తడిగా ఉంది. లైటేస్తే రక్తం, ముక్కులోంచి. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కోఆర్డినేటర్ నంబరుకు మెసేజ్ పెట్టా, చూడలేదు. ఫోన్ చేద్దామంటే నోరు తెరుచుకోదు, నా నోట్లోంచి వచ్చేది మూలుగు. అక్కడి అంబులెన్స్ నంబరు 119కి చేసి మాత్రం ఏం చెప్పాలి? ఆఖరికి పపాగో యాప్‌లో కొరియన్‌లోకి మార్చి, కిందికి దిగి ఓనర్ తలుపు కొట్టి ఫోన్ చూపించా. పాపం ఆ పెద్దాయన పైజామా మీదే వచ్చి నన్ను టాక్సీలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. అక్కడ చూసి, అది పై దవడ కోసినప్పుడు సైనస్‌లో పేరుకున్న పాత రక్తం, నల్లగా ఉంది కదా, పర్వాలేదు అన్నారు. నల్లగా వస్తే పాతదని, ఎర్రగా ధార కడితే పరుగెత్తాలని నాకు ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, ఇంగ్లీషులో గబగబా చెప్పిన ఇరవై విషయాల్లో కలిసిపోయిందేమో.

ఆ గంటన్నరలో నాకు నొప్పి లేదు. ఇక్కడ నాకేమైనా అయితే నా పేరు కూడా ఎవరికీ సరిగ్గా పలకడం రాదు అనిపించింది. అంతే.

తిరిగొచ్చేటప్పుడు ఇంకో ముచ్చట. ఇమిగ్రేషన్‌లో ఆఫీసరు పాస్‌పోర్టు ఫోటో, నా మొహం, మళ్లీ ఫోటో, మళ్లీ మొహం చూశాడు. పాస్‌పోర్టు నంబరు వేసి ఆపరేషన్ వివరాలతో డాక్టరు ఉత్తరం ఇచ్చారు గనక సరిపోయింది. అది అడిగి తీసుకో.

ఎండీఎస్ కర్నూలు | ఫిబ్రవరి 14

ఆ రక్తం మాట అందరూ గుర్తుంచుకోండి. మొదటి రోజుల్లో నల్లటి, పలచటి కారుడు మామూలే. కానీ వారం, రెండు వారాలప్పుడు కూడా అరుదుగా లోపలి రక్తనాళం తెగి ఎర్రటి రక్తం ధారగా రావచ్చు. అది ఎమర్జెన్సీ. అందుకే నేను నా పేషెంట్లను రెండు వారాల లోపు విమానం ఎక్కనివ్వను, ఊరు దాటనివ్వను. ఇతను ఎమర్జెన్సీకి వెళ్లడం నూటికి నూరు పాళ్లు సరైన పని.

సువన్ వాసి | ఫిబ్రవరి 15

నేను సియోల్ పక్కన సువన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నా, ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పని. డాక్టర్‌ని కాను, ఇక్కడి పద్ధతులు చెప్పగలను.

ఇక్కడ ఈ ఆపరేషన్‌ని యాంగాక్ సుసుల్ అంటారు, అంటే రెండు దవడల ఆపరేషన్. దీన్ని రెండు రకాల వాళ్లు చేస్తారు, దంత వైద్యం చదివి దవడ సర్జరీలో స్పెషలైజ్ చేసిన వాళ్లు, ప్లాస్టిక్ సర్జన్లు. నీది కొరకడం, కీలు నొప్పి కాబట్టి మొదటి రకం వాళ్లకు చూపించు. సియోల్ నేషనల్ యూనివర్సిటీకి, యొన్సే యూనివర్సిటీకి సొంత డెంటల్ హాస్పిటళ్లు ఉన్నాయి. మెట్రోలో కనిపించే ముందు-తర్వాత ఫోటోల ప్రకటనలు చూసి ఎంచుకోకు.

విదేశీ పేషెంట్లను తీసుకోవాలంటే ఆసుపత్రి ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, మధ్యలో ఉండే ఏజెంట్లు కూడా. ఆ సర్టిఫికెట్ అడుగు, ఇబ్బంది పడక్కర్లేదు. వైద్యం కోసం వచ్చే వాళ్లకు సీ-3-3 అనే వీసా ఉంది, 90 రోజుల లోపుది. ఆసుపత్రి పిలుపు కాగితం పంపుతుంది. టూరిస్టు వీసా మీద వచ్చి చేయించుకోవద్దు, ఏదైనా తేడా వచ్చి ఎక్కువ రోజులు ఉండాల్సొస్తే చిక్కు.

ఇంకో విషయం చెప్పాలా వద్దా అని ఆలోచించా, చెప్పడమే మంచిది. 2016లో సియోల్‌లో ఒక కుర్రాడు, 24 ఏళ్లవాడు, దవడ ఎముక సన్నగా చేయించుకునే ఆపరేషన్‌కి వెళ్లి విపరీతంగా రక్తం పోయి, 49 రోజులకు చనిపోయాడు. అది నీకు చేసే ఆపరేషన్ కాదు, అందం కోసం చేసేది. కానీ వాళ్లమ్మ థియేటర్‌లోని సీసీ కెమెరా రికార్డింగు సంపాదించి పదే పదే చూసింది. అసలు సర్జన్ మధ్యలోనే వెళ్లిపోయి, మిగతాది వేరేవాళ్లకు వదిలేసిన సంగతి అందులో బయటపడింది. ఆవిడ పార్లమెంటు ముందు ప్లకార్డు పట్టుకుని నిలబడింది. 2021లో చట్టం చేశారు, 2023 సెప్టెంబర్ నుంచి అమలు. మత్తిచ్చి చేసే ఆపరేషన్లకు థియేటర్‌లో కెమెరా ఉండాలి. అయితే పేషెంటో, వాళ్ల తరఫు మనిషో అడిగితేనే రికార్డు చేస్తారు. నువ్వు అడుగు. రాతపూర్వకంగా అడుగు.

ఒంటరిగా వచ్చే వాళ్లకు ఇక్కడ అడ్డొచ్చే మాట ఒకటుంది, బొహోజా. అంటే నీ తరఫున ఉండే మనిషి, సంతకానికి, కబురు చెప్పడానికి. చాలా ఆసుపత్రులు అడుగుతాయి. ఎవరూ లేకపోతే ఏం చేస్తారో ముందే మెయిల్లో తేల్చుకో. డబ్బిస్తే రాత్రీ పగలూ మంచం పక్కన ఉండే మనుషులు దొరుకుతారు, గన్‌బ్యాంగిన్ అంటారు. చాలామంది చైనా నుంచి వచ్చిన కొరియన్ పెద్దావిడలు. మొదటి రోజులకు ఒకరిని పెట్టుకో. ఆ ఖర్చుకి వెనకాడకు.

నా కుటుంబం ఇక్కడే ఉంది. పర్సనల్‌గా మెసేజ్ పెట్టు.

వంటింటి వసంత | ఫిబ్రవరి 15

తిండి సంగతి నాకు వదిలేయండి. మా చెల్లికి చెన్నైలో అయినప్పుడు ఆరు వారాలు నేనే వండా.

మొదటి రెండు వారాలు స్ట్రా వద్దు అంటారు, పీల్చకూడదు. పెద్ద సిరంజి, దాని మూతికి మెత్తటి రబ్బరు గొట్టం, బుగ్గ పక్క నుంచి పోసుకోవడం. ఏదైనా టీ వడకట్టే జల్లెడలో రెండుసార్లు వడకట్టాలి. రాగి జావ బాగా పలచగా, మజ్జిగ కలిపి. పప్పు కట్టు. ఉలవకట్టు మిరియం ఘాటు లేకుండా. చారు పోస్తావా, తాలింపు గింజ ఒక్కటి కూడా ఉండకూడదు. మా చెల్లికి ఒక ఆవగింజ బ్యాండ్ల మధ్య ఇరుక్కుని రెండు రోజులు నరకం చూసింది, నవ్వడానికీ లేదు, ఏడవడానికీ లేదు.

రాగి పిండి, పెసరపప్పు పొడి వేయించి ప్యాకెట్లు కట్టుకుని తీసుకెళ్లు. తీపి తాగీ తాగీ మొహం మొత్తుతుంది, ఉప్పు కోసం అల్లాడిపోతావు. రాసిపెట్టుకో. బరువు అయిదు కేజీలు తగ్గడానికి సిద్ధపడు.

సువన్ వాసి | ఫిబ్రవరి 15

ఇక్కడ మియుమ్ అని గంజి ఇస్తారు ఆసుపత్రిలో, మన గంజే. బయట జుక్ అనే జావల షాపులు వీధికొకటి ఉంటాయి. వాపుకి గుమ్మడికాయ రసం తాగమంటారు ఇక్కడ అందరూ. పని చేస్తుందో లేదో డాక్టరు గారు చెప్పాలి.

ఎండీఎస్ కర్నూలు | ఫిబ్రవరి 15

వాపుకి పని చేసేది ఐసు, తల ఎత్తు, టైము. గుమ్మడికాయ కడుపుకి మంచిదే, తాగనివ్వండి.

తెనాలి పిల్ల | మార్చి 2

మీ అందరి మాటలు ప్రింటు తీసుకుని పెట్టుకున్నాను. మూడు వారాలు నిద్ర లేదు.

అమ్మకి చెప్పేశా. ఊరికి వెళ్లి, రాత్రి పడుకునేటప్పుడు, లైటు తీసేశాక చెప్పా. చాలాసేపు పలకలేదు. తర్వాత "కీలు నొప్పని ఒక్కసారైనా అన్నావా నాతో" అంది. అనలేదు. నాన్న పోయాక అమ్మతో నొప్పుల గురించి మాట్లాడటం మానేశాను. పొద్దున లేచి "నాకు పాస్‌పోర్టు లేదు, బీపీ ఉంది, నేను రాలేను. ఎవరికీ చెప్పనులే. రాగులు మర పట్టిస్తా" అంది. నేను ఎదురుచూసిన యుద్ధం జరగనే లేదు.

సియోలే ఖాయం చేసుకున్నా. వసంత గారు అన్నది నిజమే, మేనత్తల ఖాతాలో చాలా పోతోంది. కానీ అది నాకు విలువైన ఖర్చే. డాక్టరు గారి ప్రశ్నలన్నీ పంపితే యూనివర్సిటీ డెంటల్ హాస్పిటల్ వాళ్లు అన్నిటికీ జవాబిచ్చారు, నరం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పారు. మధ్యలో ఏజెంటు ఉన్న ప్రైవేటు క్లినిక్ వాళ్లు "డోంట్ వర్రీ" అని ఒక బొమ్మ పంపారు. అలా తేలిపోయింది. ఇక్కడ క్లిప్పుల డాక్టరు గారు వాళ్లతో ముందే వీడియో కాల్‌లో మాట్లాడి, తర్వాతి బాధ్యత తీసుకుంటానన్నారు. ఆఫీసులో కూడా మెడికల్ లీవే పెట్టాను, నోరు కట్టుకుని టూర్ ఫోటోలు ఎక్కడి నుంచి తేను?

లిఫ్ట్ ఉన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నా.

రెండు దవడలు | మార్చి 2

ఆ ఆఖరి లైను చదివి నా జన్మ ధన్యమైంది.

తెనాలి పిల్ల | మే 19

నాలుగో రోజు. టైప్ చేయగలుగుతున్నా. బతికే ఉన్నా.

అద్దం చూసుకున్నా. వినాయక చవితి మట్టి బొమ్మకి ఒకటిన్నర కేజీ ఎక్కువ మట్టి పెట్టినట్టుంది. బుగ్గలు, కళ్లు, మెడ అన్నీ ఒకటే. గన్‌బ్యాంగిన్‌గా వచ్చిన పెద్దావిడకి అరవై దాటి ఉంటాయి. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు నోరు లేదు. మా ఇద్దరికీ బాగా కుదిరింది. రెండో రోజే చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించింది, వద్దంటే వినదు. రాత్రి నేను కదిలితే ఆవిడ లేస్తుంది. మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

కెమెరా రికార్డు చేయమని రాసిచ్చాను. వాళ్లు ఏమీ అనుకోలేదు, ఫారం తయారుగా ఉంది.

అమ్మ రోజుకి మూడుసార్లు వీడియో కాల్ చేస్తుంది. నేను మాట్లాడలేను కదా, ఫోన్ మీద గోటితో కొడతా. ఒకసారి కొడితే ఔను, రెండుసార్లు కొడితే కాదు. అమ్మ అరగంట సేపు తనే మాట్లాడుతుంది. పక్కింటి గేదె ఈనింది, కరెంటు బిల్లు ఎక్కువొచ్చింది, అన్నీ. మా ఇద్దరం ఇంతసేపు మాట్లాడుకుని పదేళ్లయింది.

డాలస్ బాబాయి | మే 19

మా ఆవిడకి చదివి వినిపించా అమ్మాయ్. నువ్వు పడుకో ఇక.

తెనాలి పిల్ల | మే 27

పన్నెండో రోజు. శరీరం బాగానే ఉంది, మనసు బాగాలేదు. గెస్ట్‌హౌస్ కింద షాపులో ఎవరో రామ్యన్ నూడుల్స్ కలుపుకుంటుంటే ఆ వాసనకి నిలబడి ఏడ్చా. అందరూ చూశారు. ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తోంది. అద్దంలో ఉన్నది నేను కాదు. ఇది మామూలేనా?

ఎండీఎస్ కర్నూలు | మే 27

మామూలే. తిండి లేదు, నిద్ర లేదు, వాపు కోసం ఇచ్చిన స్టెరాయిడ్ ఆగిపోయింది, మొహం కొత్తది. రెండు మూడు వారాలప్పుడు మా దగ్గరకొచ్చి ఏడ్చే వాళ్లు చాలామంది. ఇప్పుడు కనిపిస్తున్నది మీ మొహం కాదు, వాపు. దాని మీద ఏ నిర్ణయానికీ రాకండి. కానీ ఇదే తీరు ఇంకా లోతుకి పోతే, చచ్చిపోవాలనిపిస్తే, అక్కడి డాక్టరుకి వెంటనే చెప్పాలి, దాచకూడదు.

సువన్ వాసి | మే 27

రేపు ఆదివారం కాదు గానీ రేపే వస్తున్నాం. మా ఆవిడ చారు చేసి రెండుసార్లు వడకట్టింది. ఆవాలు వెయ్యలేదు, వసంత గారికి చెప్పండి.

వంటింటి వసంత | మే 28

ఇంగువ వేసిందా?

సువన్ వాసి | మే 28

వేసింది.

తెనాలి పిల్ల | జూన్ 12

హైదరాబాద్ వచ్చేశా, ఇరవై ఆరో రోజున. ఫ్లైట్‌కి ముందు ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చారు, చెవులు కాస్త మూసుకున్నాయి, అంతకు మించి ఏమీ కాలేదు. సీసాల్లో పట్టుకున్న జావ గురించి సెక్యూరిటీ వాళ్లు అడిగారు, డాక్టరు ఉత్తరం చూపిస్తే వదిలేశారు. ప్లేట్లకు గేటు మోగలేదు. ఇమిగ్రేషన్‌లో మాత్రం "రెండు దవడలు" గారు చెప్పినట్టే, ఫోటో, మొహం, ఫోటో, మొహం. తర్వాత ఆయన ఉత్తరం చదివి "నొప్పి ఉంటుందామ్మా" అని అడిగాడు, వాళ్ల అమ్మాయికి కూడా ఈ ఆపరేషన్ చేయాలని చెప్పారట.

పల్నాటి పిల్లోడు | జూన్ 12

వెల్‌కమ్ బ్యాక్ అక్కా. హీరో సంగతి అడగను.

తెనాలి పిల్ల | జూన్ 12

హీరో వచ్చాడురా. అరవై ఏళ్ల పెద్దావిడ.

తెనాలి పిల్ల | నవంబర్ 24

అడుగుతున్నారు కాబట్టి ఆరు నెలల అప్‌డేట్. క్లిప్పులు ఇంకా ఉన్నాయి, మరో ఆర్నెల్లు పడుతుందట. పళ్లు కలుస్తున్నాయి. కీలు శబ్దం అప్పుడప్పుడూ వస్తోంది, నొప్పి మాత్రం పోయింది. మొన్న దోసెని ముందు పళ్లతో కొరికా. రుచి ఏం మారలేదు, అదే దోసె. కానీ పక్క టేబుల్ వాళ్లు చూసేంతసేపు నవ్వుకుంటూ కూర్చున్నా.

గుంటూరులో పెళ్లికి వెళ్లాం. ఇద్దరు మేనత్తలూ ఉన్నారు. ఆరు నెలలుగా ఈ రోజు కోసం జవాబులు తయారు చేసుకుని పెట్టుకున్నా. పెద్దత్త నన్ను కిందా మీదా చూసి "ఏంటే అంత చిక్కిపోయావ్, హాస్టల్లో తిండి సరిగ్గా పెట్టడం లేదా" అంది. చిన్నత్త "జుట్టు కట్ చేయించావా, ఏదో మారింది" అంది. అంతే. దవడ ఊసే ఎవరూ ఎత్తలేదు. అమ్మ పక్కనే నిలబడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వంటింటి వసంత | నవంబర్ 24

ఎనిమిది లక్షలు!!!

బందరు లడ్డు | నవంబర్ 30

అక్కా, నేను కొత్తగా చేరాను. నాది కూడా మీలాంటి కేసే, వచ్చే ఏడాది అనుకుంటున్నా. ఒక్కటే అడుగుతా, కింది పెదవికి స్పర్శ పూర్తిగా వచ్చిందా?

తెనాలి పిల్ల | నవంబర్ 30

ఎడమ పక్క వచ్చింది. కుడి పక్క గడ్డం దగ్గర రూపాయి బిళ్లంత చోటు ఇంకా మొద్దుగానే ఉంది. కాఫీ కారితే తెలియదు, చీర మీద పడ్డాక తెలుస్తుంది. చేతిరుమాలు పెట్టుకుని తాగుతున్నా. నీ స్కాన్లు తీయించావా?